కొత్త కారు వచ్చింది, పాతది ఇంకా అమ్ముడుపోలేదు: ఇన్సూరెన్స్ ఎలా చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా చెప్తాను, ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకి కూడా పనికొస్తుంది. మీది 2017 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్, హైదరాబాద్ రిజిస్ట్రేషన్. వారం క్రితం కొత్త కారు ఇంటికొచ్చింది. పాత కారు పాలసీ ఈ నెలాఖరుతో అయిపోతోంది. అయిదేళ్లకు పైగా క్లెయిమ్ లేదు కాబట్టి 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంది. విజయవాడ నుంచి ఒకాయన కొంటానంటున్నాడు, సగం డబ్బు ఇప్పుడు, సగం కాగితాలు మారాక ఇస్తానని, కారు మాత్రం ఇప్పుడే కావాలని అడుగుతున్నాడు. "ఎలాగూ అమ్మేస్తున్నా కదా, ఇన్సూరెన్స్ దండగ కాదా? కట్టినా థర్డ్ పార్టీ చాలదా?" అన్నది మీ సందేహం.

దండగ కాదండి. ఈ వారంలోనే రెన్యూ చేయండి. అదీ థర్డ్ పార్టీ (మీ కారు వల్ల అవతలివాళ్లకి జరిగే నష్టానికి కవర్) ఒక్కటే కాదు, ఓన్ డ్యామేజ్ (మీ కారుకే జరిగే నష్టానికి కవర్) కూడా కలిపి చేయండి. మోటార్ ఇన్సూరెన్స్ పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాడిగా చెప్తున్నాను, పాత కారు అమ్మే రెండు మూడు నెలల్లోనే జనం ఎక్కువగా ఇరుక్కుంటారు. కారు మీద మనసు అప్పటికే పోయి ఉంటుంది, కొత్త కారు సంబరంలో ఉంటారు, పాత కారు కాగితాలు ఎవరూ తీసి చూడరు. కానీ ఆర్‌సీ మీద మీ పేరున్నంత కాలం ఆ కారు వల్ల జరిగే ప్రతిదానికీ చట్టం మిమ్మల్నే అడుగుతుంది.

ముందు తేదీ సంగతి. పాలసీ ఏ రాత్రి 12 గంటలకు ముగుస్తుందో, ఆ క్షణం నుంచి మీకు కవర్ ఉండదు. "90 రోజుల గడువు ఉంటుంది కదా" అని చాలామంది అంటుంటారు. ఆ 90 రోజులు నో క్లెయిమ్ బోనస్ నిలుపుకోవడానికి ఇచ్చిన గడువు మాత్రమే. ఆ రోజుల్లో యాక్సిడెంట్ అయితే కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వదు. పైగా గడువు దాటాక ఓన్ డ్యామేజ్ కావాలంటే కారుకి ఇన్‌స్పెక్షన్ చేయించాలి, ఫోటోలు పంపాలి, అప్పటికే గీతలు, సొట్టలు ఉంటే వాటిని రాసుకుంటారు. తేదీలోపు కట్టేస్తే ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఊరికే పడి ఉన్న కారుకి కూడా ఇన్సూరెన్స్ ఎందుకు అంటే, అమ్మే కారు ఊరికే పడి ఉండదు. చూడటానికి వచ్చిన ప్రతివాడూ ఒక రౌండ్ నడిపి చూస్తానంటాడు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలంటాడు. స్టీరింగ్ అలవాటు లేని చేతిలో ఉంటుంది, బ్రేక్ ఎక్కడ పడుతుందో తెలియదు, రోడ్డేమో కూకట్‌పల్లిదో అమీర్‌పేటదో అయి ఉంటుంది. ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డెక్కితే మోటార్ వాహనాల చట్టం 196వ సెక్షన్ ప్రకారం మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ, మళ్లీ దొరికితే జరిమానా 4,000. జరిమానా సంగతి వదిలేయండి. ఎవరికైనా ప్రాణం పోతే, కాళ్లు పోతే, యాక్సిడెంట్ కేసులు చూసే ట్రిబ్యునల్ వేసే పరిహారానికి పైపరిమితి లేదు. చనిపోయిన మనిషి వయసు, సంపాదన, మీద ఆధారపడినవాళ్లు, వీటిని బట్టి లెక్క కడతారు. ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కడుతుంది, లేకపోతే మీ ఇల్లు, పొలం, జీతం దాకా వస్తుంది. 1000 నుంచి 1500 సీసీ మధ్య ప్రైవేట్ కారుకి 2022 జూన్ 1న వచ్చిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 4,031. ఇంత రిస్కుకి అది పెద్ద డబ్బేమీ కాదు.

టెస్ట్ డ్రైవ్‌కి ఇచ్చేముందు అవతలివాళ్ల డ్రైవింగ్ లైసెన్స్ చూడండి, ఫోటో తీసి ఉంచుకోండి, పక్క సీట్లో మీరు కూర్చోండి. తాళం చేతికిచ్చి "వెళ్లిరండి" అనొద్దు. లైసెన్స్ లేని మనిషి నడిపితే కవర్ ఉన్నా ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ నిలబడదు.

ఇప్పుడు అసలు విషయం, నో క్లెయిమ్ బోనస్. ఇది కారుది కాదు, మీది. కారు ఎవరికి అమ్మినా బోనస్ మీతోనే వస్తుంది. క్లెయిమ్ లేని ఒక ఏడాదికి 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50. అక్కడితో ఆగుతుంది. ఈ తగ్గింపు ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే వస్తుంది, థర్డ్ పార్టీ మీద ఉండదు. అందుకే థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకోవద్దంటున్నాను. మీరు ఓన్ డ్యామేజ్ వదిలేసి, కారు అమ్ముడుపోక 90 రోజులు దాటిపోతే, ఇన్నేళ్లు జాగ్రత్తగా నడిపి తెచ్చుకున్న 50 శాతం పోయినట్టే.

అది పోతే ఎంత నష్టమో లెక్క వేసి చూడండి. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం బోనస్ లేకుండా ఏడాదికి 24,000 అనుకుందాం. కొత్త కారు మీద సున్నా నుంచి మొదలుపెడితే, క్లెయిమ్ లేకుండా నడిపినా వచ్చే రెన్యువల్‌కి 20, ఆ తర్వాత 25, 35, 45 వస్తాయి. పాత కారు బోనస్ తెచ్చుకుంటే వచ్చే రెన్యువల్ నుంచే ప్రతిసారీ 50. తేడాలు వరుసగా 30, 25, 15, 5 శాతం. కలిపితే 75 శాతం, అంటే ఈ నాలుగు రెన్యువళ్లలో 18,000 రూపాయలు. ఏటా కారు విలువ తగ్గే కొద్దీ ప్రీమియమూ తగ్గుతుంది కాబట్టి నికరంగా కాస్త తక్కువే వస్తుంది, అయినా చిన్న మొత్తం కాదు. దాన్ని కాపాడటానికి తొమ్మిదేళ్ల కారు మీద మీరు కట్టే ఓన్ డ్యామేజ్ భాగం, బోనస్ తీసేశాక, చాలా తక్కువ ఉంటుంది.

రెన్యూ చేసేముందు మాత్రం ఒక పని చేయండి. కొత్త కారు పాలసీ పేపర్ తీసి నో క్లెయిమ్ బోనస్ అన్నచోట ఏం రాసి ఉందో చూడండి. డెలివరీ హడావిడిలో కొందరు సేల్స్‌వాళ్లు "మీ పాత కారు బోనస్ ఇందులో వేసేశాం సార్, ప్రీమియం తగ్గింది" అని చెప్పి, పాత కారు ఇంకా మీ దగ్గరే ఉందన్న సంగతి పట్టించుకోకుండా ఒక సంతకం తీసుకుంటారు. ఒకే బోనస్‌ని ఒకే సమయంలో రెండు కార్ల మీద వాడకూడదు. అక్కడ 50 అని ఉండి, ఇక్కడ పాత కారుకి కూడా 50తోనే రెన్యూ చేస్తే, అది తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. రేపు కొత్త కారుకి పెద్ద క్లెయిమ్ వచ్చిన రోజున కంపెనీ దాన్నే పట్టుకుంటుంది. అలా వేసి ఉంటే పాత కారుని సున్నా బోనస్‌తో రెన్యూ చేయండి, కొత్త కారు కంపెనీకి ఈమెయిల్ రాసి పాత కారు ఇంకా అమ్మలేదని నిజం చెప్పి, తేడా ప్రీమియం కట్టాలంటే కట్టేయండి. అక్కడ సున్నా ఉంటే ఏ గొడవా లేదు, పాతదాన్ని 50తో రెన్యూ చేయవచ్చు.

ఇంకొకటి, పర్సనల్ యాక్సిడెంట్ కవర్. ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల కవర్ తప్పనిసరి. కానీ ఆ కవర్ మనిషికి, బండికి కాదు. కొత్త కారు పాలసీలో అది ఉంటే పాత కారుకి మళ్లీ కట్టనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో "నాకు వేరే పాలసీ ఉంది" అనే చోట టిక్ పెడితే చాలు. జీరో డిప్రిసియేషన్, ఇంజిన్ ప్రొటెక్ట్, టైర్ కవర్ లాంటి అదనపు కవర్లు ఇప్పుడు తీసేయండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఒక్కటి ఉంటే మంచిది, వాడకుండా ఉంచిన కారు బ్యాటరీ దిగిపోతుంది కాబట్టి. ఐడీవీ (పాలసీలో కారుకి రాసే విలువ) మాత్రం ప్రీమియం తగ్గించుకోవడానికని బాగా తగ్గించవద్దు. అమ్మాలనుకునే ధరకి దగ్గర్లో ఉంచండి. ఆ రెండు నెలల్లో కారు పోయినా, టోటల్ లాస్ అయినా చేతికొచ్చేది ఆ మొత్తమే.

ఈ మధ్యలో బంపర్‌కి గీత పడిందనో, కొనేవాడు డోర్ సొట్ట తీయించమన్నాడనో క్లెయిమ్ పెట్టవద్దు. నాలుగైదు వేల పని కోసం క్లెయిమ్ పెడితే 50 శాతం ఒక్కసారిగా సున్నా అవుతుంది. చేతి డబ్బుతో చేయించండి, లేదా ధరలో తగ్గించి ఇచ్చేయండి.

ఇక విజయవాడ ఆయన సంగతి. సగం డబ్బు తీసుకుని కారు ఇచ్చేయడానికి నేను ఒప్పుకోను. డబ్బు పోతుందేమో అన్నది ఒక భయం, అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. 2014 జూన్ 2కి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడకి అమ్మితే అదే రాష్ట్రంలో పేరు మార్పే. ఇప్పుడు రెండు రాష్ట్రాలు. మీ ఆర్‌టీఏలో ఫారం 28తో ఎన్ఓసీ (కారు వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి, పెండింగ్ చలాన్లు ఉంటే కట్టాలి, కారు మీద లోన్ ఉండి ఉంటే బ్యాంకు నుంచి ఫారం 35, లెటర్ తెచ్చి హైపోథికేషన్ (ఆర్‌సీ మీద ఉన్న లోన్ నమోదు) తీయించాలి. ఆ తర్వాత ఆయన ఆంధ్రలో రిజిస్ట్రేషన్ చేయించుకుని అక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ చూసి చాలామంది కొన్నవాళ్లు నెలల తరబడి వాయిదా వేస్తారు. ఎన్ఓసీ చేతికిచ్చాం కాబట్టి మన పని అయిపోయిందని అమ్మినవాళ్లు అనుకుంటారు. ఎన్ఓసీ ఇచ్చినంత మాత్రాన పేరు మారదు. అవతలి ఆర్‌టీఏలో కొత్త పేరు ఎక్కేదాకా ఓనర్ మీరే.

ఇది నా మాట కాదు. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కారు మొదటి ఓనర్ చేతి నుంచి ఒకరి తర్వాత ఒకరికి మారింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటాయన పేరు మీదే ఉండిపోయింది. యాక్సిడెంట్ జరిగింది. కారు అమ్మేశానని ఆయన అన్నా, రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్, పరిహారం బాధ్యత వాళ్లదే అని కోర్టు తేల్చింది. దెబ్బ తిన్నవాళ్లు కారు ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదన్నది కోర్టు ఉద్దేశం, అది న్యాయమే. పోలీసు కేసుల్లోనూ అంతే. మోటార్ వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం ఆ సమయంలో బండి ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత ఓనర్‌ది. ఏజెన్సీ ప్రాంతంలో గంజాయితో దొరికిన కారు అయినా, ఎక్కడో గుద్ది పారిపోయిన కారు అయినా, పోలీసులు ముందు వచ్చేది ఆర్‌సీలో ఉన్న అడ్రస్‌కే. నా దగ్గర పాలసీ చేయించుకున్న ఒకాయనకి, బ్రోకర్‌కి కారు అమ్మిన చాలా కాలానికి వేరే జిల్లా స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేశారు, తేదీ లేదు, కొన్నవాడి పేరు లేదు, చేతిలో ఒక్క కాగితం లేదు. కారు ఏ రోజు ఎవరికిచ్చారో నిరూపించుకోవడానికి బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని తిరగాల్సి వచ్చింది.

అందుకని మీరిలా చేయండి. పూర్తి డబ్బు మీ బ్యాంకు ఖాతాలో పడ్డాకే తాళం ఇవ్వండి. ఆయనకి కాగితాల మీద అనుమానం ఉంటే, ముందు అడ్వాన్స్ తీసుకుని ఎన్ఓసీ వచ్చేదాకా కారు మీ దగ్గరే ఉంచండి, వచ్చిన రోజున మిగతా డబ్బు, కారు ఒకేసారి మార్చుకోండి. ఇద్దరికీ అదే క్షేమం. పేరు మార్పుకి పెట్టే ఫారం 29, ఫారం 30 ఆయన పేరు, అడ్రస్, తేదీ అన్నీ నింపాకే సంతకం పెట్టండి. ఆయన ఆధార్, లైసెన్స్ కాపీలు తీసుకోండి. డెలివరీ నోట్ రాసి, తేదీతో పాటు సమయం కూడా వేయండి. ఉదయం 11 గంటలకు కారు ఇస్తే, మధ్యాహ్నం ఎన్‌హెచ్ 65 మీద సూర్యాపేట దగ్గర ఏదైనా జరిగితే ఆ సమయమే మీకు అక్కరకొస్తుంది. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోపు, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లోపు అమ్మిన సంగతి ఆర్‌టీఏకి తెలియజేయాలని చట్టమే చెప్తోంది. ఆ రసీదు దాచుకోండి. ఫాస్టాగ్ కూడా అదే రోజు మూయించండి, లేకపోతే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర ఆయన కట్టాల్సిన టోల్ మీ ఖాతాలో పోతుంది.

పాలసీ సంగతికొస్తే, ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం చాలామందిలో ఉంది. కారుతో పాటు ఇన్సూరెన్స్ కూడా దానంతట అదే కొన్నాయనకి వెళ్లిపోతుందనుకుంటారు. అదే చట్టం 157వ సెక్షన్ ప్రకారం పాలసీ బదిలీ అయినట్టే లెక్క, కానీ కంప్లీట్ ఇన్సులేషన్స్ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టు అది థర్డ్ పార్టీ వరకే అని చెప్పింది. అంటే రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్లకి రక్షణ ఉంటుంది. కొన్నాయన సొంత కారు దెబ్బతింటే మాత్రం, పాలసీ ఆయన పేరు మీదికి మారకపోతే, డబ్బు రాదు. ఆయనకి కంపెనీతో ఒప్పందం లేదు, మీకు కారు మీద హక్కు లేదు, ఇద్దరిలో ఎవరు అడిగినా కంపెనీ కాదంటుంది. కొన్న 14 రోజుల్లోపు ఆయనే కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. పేరు మారేటప్పుడు మీ 50 శాతం ఆయనకి వెళ్లదు కాబట్టి, మిగిలిన కాలానికి ఆ తేడా ప్రీమియం ఆయన దగ్గర కంపెనీ వసూలు చేస్తుంది. బేరం ఆడేటప్పుడే ఈ సంగతి చెప్పేయండి, తర్వాత మాటొస్తుంది. "ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది" అని ప్రకటనలో వేస్తే, పేరు మార్పుకి ఎంతవుతుందో కూడా చెప్పడం మర్యాద.

అదే సమయంలో మీరు మీ కంపెనీకి సేల్ ప్రూఫ్, డెలివరీ నోట్, ఫారం 29 కాపీ పంపి, నో క్లెయిమ్ బోనస్ రిజర్వింగ్ లెటర్ అడగండి. ఆ లెటర్ మూడేళ్ల వరకు చెల్లుతుంది. కొత్త కారు మీరు వేరే కంపెనీలో చేయించినా పర్వాలేదు, వచ్చే రెన్యువల్‌లో లెటర్ ఇస్తే 50 శాతం వేస్తారు. అప్పటికి కొత్త కారు మీద వచ్చే 20 దీనికి కలవదు, 50యే వస్తుంది. కారు బోనస్ కారుకే వర్తిస్తుంది, బైక్‌కి వేయరు.

కారు ఇచ్చేశాను కదా అని పాలసీ వెంటనే క్యాన్సిల్ చేయించి మిగిలిన ప్రీమియం వెనక్కి తీసుకుందామని అనిపిస్తుంది. తొందరపడొద్దు. కొన్నాయన పేరు మీద కొత్త పాలసీ కాపీ మీ చేతికి వచ్చి, ఆర్‌సీలో పేరు మారిందని ఆన్‌లైన్‌లో మీ కళ్లతో చూసుకున్నాకే ఆ పని చేయండి. మధ్యలో థర్డ్ పార్టీ లేని ఒక్క రోజు కూడా ఉండకూడదు.

ఇంత తలనొప్పి వద్దనుకుంటే డీలర్‌కి అమ్మండి, ధర కొంచెం తక్కువొచ్చినా. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్ ప్రకారం, ఆర్‌టీఏ దగ్గర ఆథరైజేషన్ ఉన్న సెకండ్ హ్యాండ్ డీలర్‌కి కారు ఇచ్చి, ఫారం 29సీ ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే, అప్పటి నుంచి ఆ డీలర్‌నే ఓనర్‌గా లెక్కిస్తారు. కారుతో ఏం జరిగినా బాధ్యత వాళ్లది. అమ్మేవాళ్లకి ఇంత మంచి రూల్ వచ్చినా చాలామందికి తెలియదు. ఆథరైజేషన్ సర్టిఫికెట్ చూపించమనండి, 29సీ నమోదైన రసీదు లేకుండా కారు వదలకండి. ఆథరైజేషన్ లేని బ్రోకర్‌కి ఇస్తే ఈ రక్షణ ఏదీ ఉండదు, పైన చెప్పిన ఖాళీ ఫారాల కథే అవుతుంది.

కొత్త కారు పాలసీలో బోనస్ గడిలో ఏముందో చూసి ఇక్కడ రాయండి. 50 కనిపిస్తే, కంపెనీకి ఏం రాయాలో ఆ ఈమెయిల్ నేనే డ్రాఫ్ట్ చేసి పెడతాను. సున్నా ఉంటే ఈ రాత్రికే పాత కారు రెన్యువల్ కట్టేసి, రేపు ఎన్ఓసీకి స్లాట్ బుక్ చేసుకోండి.